శివారుకి నీళ్లు

ధవళేశ్వరంలో తలుపులెత్తారని
పొద్దున్నే ఫోనొచ్చింది.
మా తూము దాకా రావడానికి ఆరు రోజులు.
ఏడైనా పట్టొచ్చు.
లస్కరు పనిలో మొదట తెలిసేది ఇదే:
నీళ్లు వదిలిన రోజు వేరు, అందిన రోజు వేరు.

నేను బిళ్లలు మానేసి ముప్ఫై ఎనిమిది రోజులు.
మానేసిన రోజు ఊరందరికీ తెలుసు.
అందే రోజు ఎప్పుడో ఎవరూ చెప్పరు.

వొణుకు పోయింది. చెమటలు పోయాయి.
కాళ్లలో చీమలు పాకడం పోయింది.
మిగిలింది ఈ నీరసం,
వరద తీశాక లంకలో మిగిలే ఒండ్రులాగ.
ఎక్కడ అడుగేసినా పిక్క దాకా దిగిపోతాను.
చొక్కాకి గుండీలు ఆరు.
మూడో గుండీ దగ్గర మంచం మీద కూర్చుంటాను.

నడుం పట్టేసింది ఈ చక్రం దగ్గరే,
మూడేళ్ల కిందట, దాళ్వా ఆఖరి తడికి.
డాక్టరు ఐదు రోజులకి రాశాడు.
ఆ చీటీ మడతల దగ్గర చిరిగి
నాలుగు ముక్కలయ్యేదాకా వాడాను.
తర్వాత చీటీతో పని లేకపోయింది.
మందుల షాపు సూరిబాబు
నా సైకిలు బెల్లు వినగానే కాగితంలో చుట్టేసేవాడు.

అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది.
నొప్పి పోయాక కూడా హాయిగానే ఉండేది.
పన్నెండు చుట్లు ఒక్క ఊపున తిప్పేవాణ్ణి.
తిప్పింది నేనో, బిళ్లో.

"అప్పు తెచ్చిన బలం బాబూ,
ఇప్పుడు వడ్డీ కడతన్నావు"
అంది అమలాపురం ఆసుపత్రిలో సిస్టరమ్మ.
ఎన్నాళ్లు కట్టాలని అడిగాను.
క్యాలెండరు వైపు చూసింది, నా వైపు చూసింది,
మజ్జిగ తాగమంది.

"తిని పడుకోడానిక్కూడా రోగవేంటి బావా?"
అంటాడు మా బావమరిది.
పడుకోగలిగితే బాగుండును.
రెండింటికి కప్పలు,
మూడింటికి రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు,
నాలుగింటికి పాల వ్యాను.
వీటన్నిటికీ నేనే కాపలా.

నూకరత్నం ఏమీ అడగదు.
ఉతికే ముందు నా జేబులు తడుముతుంది,
చిల్లర కోసమన్నట్టు.
నేనూ చిల్లర కోసమే అనుకున్నట్టు
అటు తిరిగి పళ్లు తోముకుంటాను.

ఏడో రోజు కాలవ వచ్చింది.
ముందు వచ్చేవి నీళ్లు కావు.
నురుగు, ఎండిన గుర్రపుడెక్క,
ఒంటి చెప్పు, కర్రీ పాయింటు కవర్లు.
వాటి మధ్య తళతళమంటూ
పది గుంటలూ ఖాళీ అయిన అట్ట ఒకటి.
దాని వెనక ఇంకోటి.
నావే అనుకున్నాను.
నేను పారేసింది ఈ తూముకి దిగువన కదా.
ఇవి ఎగువ నుంచి వస్తున్నాయి.

చక్రం పట్టుకున్నాను. మూడు చుట్లు.
కళ్ల ముందు ఆకాశం తెల్లబడింది. కూర్చున్నాను.

శివారు నుంచి వీర్రాఘవులు గారు మోపెడ్ మీద వచ్చారు,
నారుమడి ఎండిపోతోందని.
"ఏరా, పన్నెండు చుట్లోడివి, చతికిలబడ్డావేంటి?"

సాకు కోసమే అన్నాను:
"ఎండిన బోదెలోకి ఒక్కసారే వదిలితే
గట్టు తెగుద్దండి."

ఆయన బోదె వైపు చూశారు.
అరచెయ్యి దూరేంత నెర్రెలు.
"అదీ నిజవేలే" అని స్టాండు వేసి
చుట్ట వెలిగించారు.

అన్నాక, నాక్కూడా నిజమే అనిపించింది.

మూడు చుట్ల నీళ్లు బోదెలోకి పాకుతున్నాయి.
ముందు నెర్రెలు తాగుతాయి. గుడగుడమంటాయి.
అంతసేపూ నీళ్లు ముందుకి రావు,
చూసేవాళ్లకి ఆగిపోయినట్టే ఉంటుంది.

ఇనుప చక్రం ఎండకి కాలుతోంది.
తువ్వాలు తడిపి దాని మీద వేశాను.
ఆయన చుట్ట సగం అయింది.

లేచాను.
గట్టు మీద చెయ్యి ఆనించే లేచాను.
నాలుగో చుట్టు.