అడుగుకింత

టేపు పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగాడు డెస్మండ్.
నూట అరవై రెండడుగులు.
అడుగుకింత అని లెక్క.

"వెనక వరండా ఎవరు కలిపారు?"
"మా ఆయన. తుపాను తర్వాతి ఏడు."
"అదొక్కటే నలభై అడుగులు."
ఒర్టెన్స్ నవ్వింది:
పోయాక కూడా ఖర్చు పెట్టిస్తున్నాడు.

వంటింటి కింద సిమెంటు,
అడుగడుగునా డ్రిల్లు దించాలి, దానికి వేరే.
ముందు గదుల కింద పాకుతూ పోవాలి,
మోకాళ్లకు వేరే.
కిటికీ చెక్కను స్క్రూడ్రైవర్‌తో తడితే
తడిసిన అట్టలోకి దిగినట్టు దిగింది.
"ఇవి మామూలువి కావు, ఫార్మోసా చెదలు"
డాక్టరులా గొంతు తగ్గించాడు.

కాగితం అడుగున ఇంకో మాట రాశాడు:
పుట్ట మీ ఇంట్లో లేదు,
పక్కింటి ఓక్ చెట్టు మొదట్లో ఉంది.
వాళ్లూ మందు కొట్టిస్తే ఖర్చు సగం,
లేదంటే ఏటేటా ఇదే పాట.

పక్కింటి ఆల్సీడ్‌తో మాటల్లేక పదకొండేళ్లు.
గొడవ కంచె గురించి.
ఆ కంచెను చెదలు ఎప్పుడో తినేశాయి,
రంగు మాత్రం నిలబడి ఉంది.

మే నెల సందెవేళ.
న్యూ ఆర్లియన్స్‌లో ఆ వీధి వీధంతా
ఉసిళ్లకు జడిసి దీపాలార్పేసుకుంది.
చీకట్లో ఒక తెల్ల కాగితం
మెల్లగా కంచె దాటుతోంది.