ఆరో గడి

డబ్బా మీద పేరు: వన్నూరమ్మ, ముప్పైనాలుగు.
ఊరు రాయదుర్గం. పని అన్నచోట
జీన్స్ కుట్టు అని రాసుంది, సగం తడిసి పారింది.

తొలి బస్సుకొచ్చి అనంతపురం పెద్దాసుపత్రి వరసలో నిలబడి
ఇచ్చి పోయింది.
"సుర్రుమంటాది మేడం, పచ్చిమిరపకాయ నూరి పోసినట్టు.
ఈ ఏడు ఇది నాలుగోసారి."

మరుసటి రోజుకు ప్లేటు నిండా గులాబి చుక్కలు.
ఈ.కోలై. తెలిసిన మొగమే.
నా థీసిస్‌కు కావాల్సింది దాని లోపలి గుట్టు.
డీఎన్‌ఏ తీసి, ప్రైమర్లు కలిపి, జెల్‌కు కరెంటు పెట్టినా.
మధ్యలో కరెంటు పోయింది. టీ తాగొచ్చినా.

చీకటి గదిలో నారింజ గీతలు లేచినాయి.
ఫిమ్ హెచ్ ఉంది. పల్లేరుకాయ ముల్లు అది,
ధార వస్తే కొట్టుకపోవాల్సింది పోయి
ధార లాగేకొద్దీ గోడను బిగించి పట్టుకుంటాది.
పాప్ సి ఉంది. మూత్రపిండం దాకా ఎక్కే నిచ్చెన.
హీమోలైసిన్ మసకమసక, మళ్లీ చెయ్యాల.
ఇనుము దొంగిలించే జీను మాత్రం
కళ్లు చెదిరేట్టు వెలిగింది.
ఆమె రక్తం ఎనిమిది.
ఆ ఎనిమిదిలోనే దీనికీ వాటా.

మందు మార్చాలని ఫోన్ చేసినా.
అవతల వాన కురిసినట్టు మిషన్లు.
నీళ్లు బాగా తాగు వన్నూరమ్మా, అన్నా.
నవ్వింది.
"తాగితే యాడికి పొయ్యేది మేడం?
నూటాయాభై మందిమి, ఒకటే దొడ్డి,
దానికి గొళ్లెం ఊడి రెండేండ్లు.
ఒంటికని లేస్తే పది జేబులు ఎనకబడతాం.
పొద్దున పోతే మళ్లీ ఇంటికాడనే."
ఎవరో కేకేసినారు. ఫోన్ పెట్టేసింది.

అప్పుడనిపించింది,
లోపల అది గోడను పట్టుకొని,
బయట ఈమె ఉగ్గబట్టుకొని.
ధార రాకుంటే
దానికి ముల్లుతో కూడా పన్లేదు కదా.

థీసిస్‌లో ఒక పట్టిక ఉంది.
విరులెన్స్ అన్న మాట కింద ఐదు గళ్లు,
ప్లస్సో మైనస్సో పెట్టాల.
నలభై ఏడో వరసలో ఆమెకు నంబరే, పేరు లేదు.
పక్కన స్కేలు పెట్టి ఆరో గడి గీసినా.
గొళ్లెం అని రాసినా.
మైనస్.

రేపు మా గైడు ఎర్రసిరాతో కొట్టేస్తాడు,
దీనికి ప్రైమర్ ఏదమ్మా అంటాడు.
అననీ.

పెన్ను జీన్స్ జేబులోకి దోపినా.
జేబు కుట్టు గట్టిది.
రెండు వరసలు, ఒక్క పోగూ లేవలేదు.