ఉప్పు దారి

పర్లాకిమిడిలో తొలి బస్సు ఎక్కాను.
సెరంగో దాటి, జీపు దిగి, ఎలీషా రయితా బైకు వెనక కూర్చుని
తారు అయిపోయేదాకా వెళ్ళాను.
అతను బండిని పొదలోకి తోసి
"ఇక్కణ్ణించి కాళ్ళే, మేడం" అన్నాడు.

సంచిలో నీళ్ళు, మోకాలి పట్టీ, రెండు కిలోల గళ్ళుప్పు.
ఉప్పెందుకని అతను అడగలేదు.
ఇంట్లో అడిగారు. చెప్పలేకపోయాను.

మాకో ఇంటిపేరుంది గాని
వీధిలో మేం ఉప్పోళ్ళం.
తాత నీలాచలం నౌపడా మడుల్లో ఉప్పు కొని
కావడి కట్టి, మూడు రాత్రులు నడిచి
ఈ సవర ఊళ్ళకి ఎక్కేవాడు.
దిగేటప్పుడు కావడి నిండా పసుపు, చింతపండు, కందులు.
ఎంతకి ఎంత అన్నది మా ఇంట్లో మాటగా రాలేదు.
పెంకుటిల్లు పోయి మిద్దె లేచింది,
అంతవరకే తెలుసు.

దారి అంటే దారి కాదు.
రాతిగట్టు మీద ఇంకో రాతిగట్టు,
సున్నం లేదు, రాయిని రాయే పట్టుకుంది.
పై మడి నీళ్ళు కింది మడిలోకి
గుసగుసగా దిగుతున్నాయి.
"ఎవరు కట్టారివి?"
"పేర్లు మా నాయనమ్మకే తెలీవు.
జారిన రాయి ఎవరి కంటపడితే వాళ్ళు పెట్టాలి."
చెబుతూనే వంగి ఒకటి పెట్టాడు.

మొదటి ఊరు, ఒకటే వీధి.
ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి బొమ్మలు:
గుర్రం, దువ్వెన, గొడుగు మనిషి, విమానం.
ఓ మూల భుజాన కావడితో ఒకడు.
నా గుండె ఆగింది. తాతే అనుకున్నాను.
ఎలీషా నవ్వాడు.
"వాడు కల్లు మోసేవాడు మేడం,
పోయినేడు గీసిందే."

రెండో ఊరి చివర
చనిపోయినవాళ్ళకి నిలబెట్టిన రాళ్ళు,
కొన్ని మనిషెత్తు, కొన్ని పిల్లలెత్తు.
అతను ఫోనులో పాట ఆపేశాడు.
నేను పట్టీ బిగించుకునే నెపంతో
కాసేపు వంగే ఉన్నాను.

మూడో ఊళ్ళో ఇందామి.
ఎన్నేళ్ళో ఆమెకే లెక్కలేదు.
ఎలీషా సవరలో ఏదో అన్నాడు, మధ్యలో "నీలాచలం" అన్నాడు.
ఆమె లేచి, అటక మీంచి, ధాన్యం బుట్ట వెనక నుంచి
వెదురు తవ్వ ఒకటి తీసి
నా ముందు వంచి లోపల చూపించింది.

అడుగున మైనం.
నల్లగా, గట్టిగా, మూడు వేళ్ళ మందం.

నా చెవులు కాలిపోయాయి.
ఎలీషా నేల చూస్తూ ఆమె మాటలు తెలుగు చేశాడు.
"మొదటి ఏడే తెలుసంట.
వాళ్ళ నాన్న గోటితో గీరి చూశాడంట.
అప్పుడు రెండు వేళ్ళే.
ఇంత పైకి ఉప్పు మోసేవాడు అతనొక్కడే కదా,
ఎక్కినందుకు కూలి అనుకుని ఊరుకున్నారంట."
ఆగాడు. ఆమె మోచేత్తో పొడిచింది.
"ఒక వానాకాలం మూడు వేళ్ళయిందంట.
ఆ రోజు తవ్వ లాక్కున్నారంట."

మోకాళ్ళు పోయాయి, ఇక కొండెక్కలేనని
తాత చాప మీద కూలబడిన ఏడాది
మా నాన్న కథగా చెప్పేవాడు.

ఉప్పు సంచి ఆమె ముందు పెట్టాను.
మాట ఏదీ దొరకలేదు.
ఆమె ఆ తవ్వతోనే కొలిచింది,
మైనం గీకకుండానే,
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
అడుగున మిగిలిన గుప్పెడు
నా అరచేతిలో పోసి వేళ్ళు మూసింది.
ఎలీషా తెలుగు చేయలేదు.
అక్కర్లేకపోయింది.

దిగుతుంటే చెమటకి ఉప్పు కరిగి
మణికట్టు దాకా మండింది.
రెండో ఊరు దాటాక గట్టు కింద ఓ రాయి పడి ఉంది.
రెండు చేతులా ఎత్తి పెట్టాను.
కుదర్లేదు, దొర్లింది.
మళ్ళీ పెట్టాను, మళ్ళీ దొర్లింది.
ఎలీషా వెనక్కొచ్చి
దాన్ని అటు తిప్పి కూర్చోబెట్టి
ముందుకి నడిచాడు.