అడ్వాన్సు గడి

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
పిచ్చేశ్వరరావు గారి బాడీ బిల్డింగ్ షెడ్డు.
కసరత్తులనుకునేరు,
లారీలకి ఒళ్ళు కట్టే చోటు.
నేనక్కడ లెక్కలు రాస్తాను.
రాత్రిళ్ళు సమాజశాస్త్రం ఎం.ఏ., దూరవిద్య.
ఎంత దూరమంటే
పాఠం రాసినాయన మొహం కూడా తెలియనంత.

జిరాక్సు నోట్సులో ముగ్గురు పెద్దమనుషుల బొమ్మలు.
సిరా మరీ ఎక్కువై
ముగ్గురికీ కలిపి ఒకటే గడ్డం మిగిలింది.
నాంచారమ్మ టీ గ్లాసు పెడుతూ అడిగింది:
"ఎవరయ్యా వీళ్ళు, ఫైనాన్సు వాళ్ళా?"
కాదన్నాను.
ఆలోచిస్తే, బాకీ అడిగే మొహాలే.

ప్రశ్న: శ్రమ విభజనను సోదాహరణముగా వివరింపుము.

తలెత్తితే ఉదాహరణ ఎదురుగానే ఉంది,
చక్రాల మీద, ఇంకా ఒళ్ళు లేకుండా.
కొయ్యపని సింహాద్రిది. వెల్డింగు మస్తాన్‌ది.
రేకు ఏసోబు కొడతాడు.
వైర్లు లాగే కుర్రాడికి పేరుంది గానీ
అందరూ కరెంటనే పిలుస్తారు.
చివర్న బాజీ వచ్చి రంగులేస్తాడు.
తామరపువ్వులు, వెనక దిష్టిబొమ్మ,
ముందు అద్దం పైన రెండు కళ్ళు.
కళ్ళు పడ్డాక
ఇక బండి మన వంక చూడదు.

ఒకసారి రామవరప్పాడు రింగు దగ్గర
తన చేతి లారీ కనబడితే
బాజీ చెయ్యి ఊపాడట.
డ్రైవరు ఆపి,
"గన్నవరం దాకా అయితే యాభై" అన్నాడట.
ఇది నవ్వుతూనే చెబుతాడు.
నవ్వయ్యాక కుంచెని
కిరసనాయిల్లో చాలాసేపు కడుగుతాడు.

దీనికి నోట్సులో ఒక మాటుంది: పరాయీకరణ.
కింద ఎర్రపెన్నుతో రెండు గీతలు గీశాను.

పిచ్చేశ్వరరావు గారు చెడ్డవారైతే
ఈ కవిత తొందరగా అయిపోయేది.
ఆయన మోచేతి మీదా నిప్పురవ్వల మచ్చలున్నాయి,
అచ్చం మస్తాన్‌కి ఉన్నట్టే.
ఇరవై ఏళ్ళు రేకులు కొట్టి,
సినిమా ఎరక్క, పండక్కి చొక్కా ఎరక్క,
రూపాయి పక్కన రూపాయిని పడుకోబెట్టి
షెడ్డు లేపారు.
ఇప్పుడు ఆ రూపాయలే ఆయన్ని పడుకోనివ్వవు.
పదో తారీకున ఫైనాన్సు కంపెనీ కాగితం వస్తుంది.
ఫోన్ చేస్తే మనిషి ఉండడు,
తొమ్మిది నొక్కమంటుంది ఒక గొంతు.
ఆయన నొక్కుతారు,
రివెట్టు దిగేసినంత గట్టిగా.

ఆషాఢంలో ఏసోబు చూపుడువేలు
రేకు కోసే మిషన్ కింద పడింది.
షెడ్డంతా ఆగింది.
సింహాద్రి తువ్వాలు చుట్టాడు.
మస్తాన్ రోడ్డుకడ్డం నిలబడి ఆటో ఆపాడు.
కరెంటు కుర్రాడు ఐసుముక్కల టీ గ్లాసులో ఆ వేలిని
పెద్దాసుపత్రి దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
అతకలేదు.
సాయంత్రం పెయింటు డబ్బా మూతలో చందాలు పడ్డాయి.
నాంచారమ్మ కూడా వందేసింది.
ఎవడి పని వాడిదైన ఈ చోట
విడిపోనిది ఇంకా ఏదో ఉందని
నోట్సు వెనక రాసుకున్నాను.
ఆ రాత్రికి అది నిజం.

తెల్లారి ఓనరు గారు ఇరవై వేలిచ్చారు.
కళ్ళు తుడుచుకునే ఇచ్చారు.
ఎక్కడ రాయమంటారన్నాను.
గోడ వంక చూశారు కాసేపు.
"అడ్వాన్సు గడిలో రాయి.
లేకపోతే ఆడిటరు ఒప్పుకోడు."
రాశాను.
స్కేలు పెట్టి ఆ గడి గీసిందీ నేనే,
ఏప్రిల్ ఒకటిన, మంచి అక్షరాలతో.
వారానికి ఐదొందల చొప్పున
ఏసోబు లేని వేలికి కిస్తీ కడుతున్నాడు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది.
గుండుసూదుల కార్ఖానా గురించి రాసొచ్చాను,
నోట్సులో ఉన్నట్టే.
నూటికి అరవై ఒకటి.
ఏసోబు ఆ కాగితాన్ని
నాలుగు వేళ్ళతో పట్టుకుని చూసి,
"అయితే నువ్వు పాసైనట్టేనా?" అన్నాడు.