షేడ్ కార్డుల నత్త

మిర్యాలగూడ రైలుగేటు అవతల
రిబ్కా టీచర్ ఇల్లు.
నడిమి అర్రకు రంగు ఎంచుకోమని
షేడ్ కార్డు చేతికిస్తే
రెండు దినాలు తిప్పి తిప్పి
ఒక్క ముక్క మీద గోరు వెట్టింది.
నీలం గాదు, వంగపూ గాదు.
పొద్దుగూకినంక, ఇంక లైటెయ్యకముందు
తెల్లగోడ మీద కాసేపుండే రంగు.

కింద చిన్నక్షరాలు.
పెరివింకిల్, అని కూడబలుక్కొని సదివింది.
గదేంది టీచర్, అన్న.
ముప్పై ఏండ్లు ఇంగ్లీషు జెప్పిన మనిషి
నాకూ తెల్వదయ్యా అని నవ్వింది.
నిచ్చెన మీద నాకు పానం తేలికైంది.

అట్టలూడిన డిక్షనరీ తీసి
అద్దాలు నెత్తి మీదికెల్లి ముక్కు మీదికి దించింది.
సముద్రపు నత్తనట.
రాళ్లను కరుసుకొని బతుకుతదట,
పోటుకు మునుగుకుంట, ఆటుకు తేలుకుంట.
ఉడకవెట్టి, గుండుసూదితోని గుంజుకొని తింటరట.

మేము సముద్రం జూసినోళ్లం గాదు.
మాకు సాగరంటె డ్యాము,
సాగరంటె ఎడమ కాల్వ,
నీళ్లిడిసిండ్రా లేదా అని పొద్దుగాల పేపర్ల ఎతుక్కునే మాట.
కని నత్త తెల్వదా?
మా అమ్మ పుల్లమ్మ నాట్లకు వోయి
మడిల కాళ్లకు తాకిన నత్తలను
కొంగుల మూటగట్టి తెచ్చేది.
ఉడికినంక తుమ్మముల్లు గుచ్చి
ఒక మెలి, ఒక్క గుంజు.
సుట్టలు సుట్టుకున్నదంత సక్కగ బయటికొచ్చేది.
నాకు సగంల తెగేది.
నీకు ఆత్రమెక్కువరా, అనేది.

గా గుంజుడుకు గూడ ఆళ్ల తాన మాటున్నదట.
దాసుకున్న ముచ్చటను మనిషి నోట్లకెల్లి
మెల్లగ గుంజితే వింకిల్ జేసినట్టట.
మూతి సన్నగుండే బూట్లకూ నత్త పేరేనట.
మా బావ లగ్గానికి గసొంటియే తొడిగిండు,
బొబ్బలొచ్చి, బరాత్‌ల
బూట్లు చేతులవట్టుకొని నడిసిండు.

గిది పువ్వు గూడనయ్యా, అని టీచర్ బొమ్మ జూపింది.
ఐదు రెక్కలు, నడుమ సూదిపోటంత చుక్క.
బ్రష్షు డబ్బల వెట్టిన.
బిళ్లగన్నేరు.
బొందలగడ్డల ఎవ్వలు నీళ్లు వొయ్యకున్నా పూసేది.
అమ్మ వాకిట్లకు రానియ్యకపోయేది.

మా అక్క కొడుకు బిట్టుగానికి నెత్తుర్ల రోగమొచ్చినప్పుడు
పట్నం దవఖానల
వారానికొకపారి నరానికెక్కిచ్చే మందు.
గిదేంటిదమ్మా అంటే, నర్సమ్మ
సీసా తలకిందులు జేసుకుంటనే
బిళ్లగన్నేరుల నుంచి తీస్తరు, అన్నది.
అక్క నా దిక్కు జూసింది.
బొందలగడ్డ పువ్వారా, అని
ఆడు ఇనకుంట అడిగింది.
నేనేం అనలే. చుక్కలు లెక్కవెట్టిన.
మూడు వందలు దాటినంక తప్పిన.

ఇప్పుడు ఆడు ఆరో తరగతి.
ఊడిన ఎంటికలు మళ్లొచ్చినయి,
ముందట్ల తీర్గ గాదు,
ఉంగరాలు ఉంగరాలు, నత్తగుల్ల లెక్క.

ఇదంత టీచర్‌కు ఎందుకు జెప్పిన్నో.
ఆమె ఏమీ అడగలే.
చాయ గిలాస అందిచ్చి ఊకున్నది, గంతే.
ఏ ముల్లుతోని గుంజిందో.

రెంటికీ ఒకటే పేరెట్లయింది, అన్న.
సుట్టాలు గావట.
యాడియాడి తొవ్వలకెల్లో వచ్చి
ఒక్క మాట కాడ కలిసినయట,
టేషన్ల ఒకటే బెంచి మీద
ఎన్క దిక్కొకరు, ముందట దిక్కొకరు కూసున్నట్టు.
రంగు మటుకు పువ్వుది, అన్నది టీచర్,
నత్తది గాదు. గది గుర్తువెట్టుకో.

జాంగీర్ దుకాన్ల మిషిని తెల్లడబ్బల
నీలం మూడు సుక్కలు, ఎరుపు ఒక్క సుక్క ఇడిసింది.
మొదటి కోటు ఆరినంక పాలిపోయింది.
రెండోది రేపు.

రాత్రి అన్నంకాడ అమ్మ
నా గోర్ల దిక్కు జూసింది.
ఏం రంగురా అది?
నత్త రంగే, అన్న.
పెరుగు వోసుకుంట అన్నది:
మడిల పుట్టినోనివి,
నత్త నల్లగుంటదని మర్సిపోయినవా?