నలభై ఏడో వరస

మొక్‌పో రేవులో చేపల వేలం షెడ్డు, దాని నెత్తిన మా టవరు.
తెల్లవారుజాము మూడు. కింద ఐసు గుట్టల మధ్య
వెండి బెత్తాల్లా పరిచిన సావడాలు.
పాటగాడు తక్ అరుపు అరుపుకీ ఆవిరి వదులుతున్నాడు.
ముప్పైమంది ఒక్కసారే వేళ్లు ఆడిస్తారు,
ఒకరి బేరం ఇంకొకరి బుట్టలో పడదు.

మాకూ గాలి ఒక్కటే.
మొన్నటిదాకా దానికి గట్లు వేసి
నీళ్ల వంతుల్లా పంచేవాళ్లం.
ఈ చలికాలం గట్లు కొట్టేశాం.
అందరూ ఒకే మడిలో ఒకేసారి మాట్లాడొచ్చు,
ఎవరి వరస వాళ్లకుంటే చాలు.

వరసంటే
అరవై నాలుగు అవునులూ కాదులూ.
ఏ రెండు వరసల్ని పక్కన పెట్టి గుణించి కూడినా
మిగిలేది సున్న.
వరస కలిస్తే చుట్టరికం అంటారు.
ఇక్కడ కలవకపోవడమే కాపురం.

సున్నా నంబరు ఎవరికీ ఇవ్వం,
అది దీపస్తంభం, ఊరికే వెలుగుతుంది.
ఒకటి, పేరుపెట్టి పిలవడానికి.
ముప్పై రెండు గడియారానిది.
మిగిలిన అరవై ఒకటీ అద్దెకొంపలు.
నలభై ఏడులో ఇందాక ఎవరో మూడు నిమిషాలున్నారు,
ఖాళీ చేసిన మరుక్షణం ఇంకొకరు దిగారు.
గోడకి మేకు గుర్తు కూడా లేదు.
నాకు కనబడేది అంకెలే, ఏడ్చారో నవ్వారో తెలీదు.

దగ్గరవాడు గొంతు తగ్గించకపోతే
దూరపువాడు మునిగిపోతాడు.
అందుకే సెకనుకి ఎనిమిది వందలసార్లు చెబుతాం:
తగ్గు, పెంచు, తగ్గు.
అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

ఈ రాత్రి గాలి తిరిగింది. పడవలు ఆలస్యం.
మూడు నలభైకి అరవై ఒకటీ నిండిపోయాయి.
అరవై రెండో ఫోను తలుపు తట్టింది.
లేదన్నాం.
మళ్లీ తట్టింది.
అయిదోసారికి లేచి కిటికీ దగ్గరికెళ్లాను.
పులుసు బండి ప్యో ఒక్‌రిమ్,
రబ్బరు తొడుగు పళ్లతో లాగేసి
సముద్రంవైపు తిరిగి మీటలు నొక్కుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది, నలభై ఏడులో ఉన్నది నేనే.
రొద కొలవడానికి పెట్టుకున్న పరీక్ష ఫోను,
గంట నుంచీ అవతల ఎవరూ లేకుండా
మాట్లాడుతూనే ఉంది.
కోసేశాను.

ఆరో తట్టు.
నలభై ఏడు.

కింద ఆమె రెండో చెవిలో వేలు పెట్టుకుంది.
ఆ తట్టు ఆమెదో, ఇంకెవరిదో
అంకెలు చెప్పవు.
బండి మీద పులుసు పొంగి మంట ఆరిపోతున్నా
ఆమె వెనక్కి తిరగలేదు.