మట్టం దారం

శనివారం వస్తే మేం నలుగురం
ఈ బంకర్‌కి చాకిరీ చేస్తాం.
అల్సాస్ ఉత్తరపు కొస. రైను మీంచి లేచిన మంచు
బీట్‌దుంపల చేలో ఇంకా లేవకుండా పడుకుని ఉంటుంది.
దాని నడుమ, నాచు కప్పుకున్న కాంక్రీటు మూపు.

తియేబో తుప్పు గీకుతాడు.
జంట మెషిన్‌గన్ గురించి అతన్ని అడక్కండి,
అడిగారా, సూపు చల్లారిపోతుంది.
ఏడున్నర మిల్లీమీటర్ల గుండు, గొట్టం ఎప్పుడు కాగుతుంది,
ఖాళీ తూటాలు ఏ గొట్టంలోంచి బయటి కందకంలో రాలుతాయి...
కూతురి పుట్టినరోజు మరిచిపోయాడు గానీ
ఇందులో ఒక్క ముక్క మరవలేదు.

మతెర్న్‌ది గోడల పిచ్చి.
శత్రువు వైపు రెండు మీటర్ల మందం, వెనక వైపు ఒక్కటే.
ఎందుకో తెలుసా అని ప్రతివారం అడుగుతాడు,
తెలుసని ప్రతివారం చెబుతాం, అయినా చెబుతాడు:
కోట చెయ్యిజారితే మన ఫిరంగులే దాన్ని పగలగొట్టాలి కదా,
అందుకని వెనక పల్చన.

ఓదిల్ ముప్ఫై ఏళ్ళు కోర్టు గుమాస్తా.
ఆమె సంచిలో రేగుపళ్ళ కేకు పక్కన హేగ్ ఒప్పందం.
ఇరవై మూడో అధికరణం చదివేటప్పుడు
కళ్ళజోడు తీసేస్తుంది.
ఆయుధం కింద పెట్టి లొంగిపోయినవాణ్ణి
చంపరాదు, గాయపరచరాదు.

నాకు తుపాకులు తెలీవు, చట్టం అంతకన్నా తెలీదు.
బాత్‌రూముల్లో టైల్స్ వేసేవాణ్ణి.
గోడల కన్నాలు పూడ్చడానికి నన్ను పిలిచారు.

కింది గదిలో పాత సున్నం గీకుతుంటే
అయిదు గుంటలు బయటపడ్డాయి.
తియేబో చిటికెన వేలు దూర్చి చూసి
"తొమ్మిది మిల్లీమీటర్లు. మనవి కావు" అన్నాడు.
"ఎవరివైతేనేం?" అంది ఓదిల్.
"యుద్ధం తర్వాత ఇక్కడ కుర్రాళ్ళు ఎలకల్ని కాల్చేవారు,
లేదా పోరులోనే ఎగిరొచ్చి తగిలినవి" అన్నాడు మతెర్న్.
ఎలకలు ఇంత ఎత్తుంటాయా అని ఆమె,
నేరం రుజువు చేసే తొందర నీకు అని అతను,
గొంతులు పైకప్పుకి తగిలి రెట్టింపై మా మీదే పడ్డాయి.

"లీన్‌హార్ట్, నీ దారం తీసుకురా."

గుంట గుంటకీ సన్నని ఇనప పుల్ల దూర్చాం.
అయిదూ ఒకే వైపు చూశాయి, తలుపు వైపు.
దారం కట్టి తలుపు దాకా లాగాను.
గుమ్మంలో నిలబడితే నా నడుం దగ్గరికి వచ్చింది,
అక్కణ్ణించి గోడ వైపు కిందికి జారింది.

"నించున్న మనిషికి తొడ దగ్గర తగులుతుంది.
తొడల మీద ఎవడు కాలుస్తాడు?
చెప్పానుగా, పోరులోవే" అన్నాడు మతెర్న్,
తన మాటే నెగ్గించుకోవాలని
గోడకి ఆనుకుని నిలబడి చూపించాడు.
తర్వాత ఏమనుకున్నాడో,
డెబ్బై ఒకటేళ్ళ మోకాళ్ళు ఒకటొకటిగా నేలకి దించాడు.

దారం వచ్చి
అతని స్వెటర్ మూడో గుండీ మీద ఆగింది.

ఎవరం మాట్లాడలేదు.
ఓదిల్ కళ్ళజోడు పెట్టుకుంది.
తియేబో చేతిలో వైర్‌బ్రష్,
పట్టుకున్నట్టు గుర్తులేనట్టు పట్టుకున్నాడు.
మతెర్న్ లేవబోయాడు, మోకాలు పట్టేసింది.
చేతులు పైకెత్తాడు, లేపమని.
ఆ ఎత్తిన చేతులకేసి
ఒక్క క్షణం మేం ముగ్గురం
కదలకుండా చూశాం.
తర్వాత చెరో రెక్కా పట్టుకుని లేపాం.

కేకు తిన్నాం. బాగుందని కూడా అన్నాం.
తేదీ తెలీదు, పేరు తెలీదు, కాల్చిందెవరో తెలీదు,
ఓదిల్ నోట్‌బుక్‌లో "తెలీదు" అని మూడుసార్లు రాసింది.
రెండు వారాలు మతెర్న్ రాలేదు.
వచ్చాక వెనక గోడ మందం ఎవర్నీ అడగలేదు.

ఆ గుంటలు పూడ్చడానికని
పొద్దున్నే కలిపిన సిమెంటు
బకెట్లోనే బిగుసుకుపోయింది, తాపీతో సహా.
పారెయ్యబోతే తియేబో వద్దన్నాడు.
కింది గది తలుపు బరువు, దానంతటదే మూసుకుంటుంది.
ఇప్పుడు ఆ బకెట్టే దానికి అడ్డం.